11 నెలల పాప పాకకుండా కూర్చునే డేకుతోంది, నడక ఆలస్యమవుతుందా?

మీ పాపకు 11 నెలలు నిండాయని, 34వ వారంలోనే పుట్టిందని, మోకాళ్ళ మీద పాకకుండా కూర్చునే డేకుతూ ఇల్లంతా తిరుగుతోందని, మీ తోటికోడలి బాబు ఈ వయసుకే అడుగులు వేశాడు కనుక వాకర్ కొనమని పెద్దలు ఒత్తిడి చేస్తున్నారని రాశారు. నేను వైద్యురాలిని కాను. మా పెద్దమ్మాయి కూడా ఇలాగే డేకిన పిల్ల కాబట్టి, అప్పట్లో పిల్లల వైద్యుల దగ్గర తెలుసుకున్నదీ, ఆ తరువాత చదివినదీ చెబుతున్నాను.

ముందుగా వయసు లెక్క సరిచూడండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను, రెండేళ్ళు వచ్చేవరకు, పుట్టిన రోజు నుంచి కాక కాన్పుకు వైద్యులు మొదట ఇచ్చిన తేదీ నుంచి లెక్కిస్తారు. 40 వారాలకు 6 వారాలు తక్కువ కనుక, ఈ లెక్కన మీ పాపకు ఇప్పుడు తొమ్మిదిన్నర నెలలే. (టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క, వాటిని వెనక్కి జరపకూడదు.) ఈ సవరణ చేయకుండా తోటికోడలి బాబుతో పోల్చడంలో అర్థం లేదు.

ఇక పాకడం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం, ఘానా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, మోకాళ్ళ మీద పాకడం 5 నుంచి 13న్నర నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 17న్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు పాకనే లేదు. వారు వేరే పద్ధతిలో కదిలి, తరువాత నడిచారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన ఎదుగుదల పట్టికను సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది.

డేకే పిల్లలకు కొన్ని లక్షణాలు ఉంటాయి. వారిని బోర్లా పడుకోబెడితే నచ్చదు. చంకల కింద చేతులు వేసి నిలబెట్టబోతే పాదాలు నేలకు ఆనించకుండా, కాళ్ళు ముందుకు చాపి గాలిలోనే కూర్చుంటారు. ఇది కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. మా అమ్మాయిని చూసి మా అత్తగారు, తన కొడుకూ అంతేనని నవ్వేశారు. ఇలాంటి పిల్లలకు నడక ఆలస్యంగా వస్తుంది, కొందరికి ఏడాదిన్నర దాటుతుంది కూడా. అయినా సరే, 18 నెలలకు నడక రాకపోతే కారణం ఊహించుకుంటూ కూర్చోకుండా వైద్యులకు చూపించాలి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మన పెద్దల చూపంతా కాళ్ళ మీదే ఉండటం. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచుతాం; పలుకులకు చిలకలు పంచే ఆచారమూ ఉన్నా, మాట ఆలస్యమైతే మాత్రం “మగపిల్లవాడు కదా, మేనమామ పోలిక” అని సరిపెట్టుకుంటాం. మా రెండోవాడు పది నెలలకే నడిచాడు, అరిసెలూ పంచాం. ఏడాదిన్నర వచ్చినా వాడికి అమ్మ, అత్త తప్ప మాట లేదు. వెనకనుంచి పిలిస్తే ఒకసారి తిరిగేవాడు, ఒకసారి తిరిగేవాడు కాదు. పరీక్ష చేయిస్తే కర్ణభేరి వెనుక నీరు చేరిందని తేలింది. వైద్యంతో వినికిడి బాగుపడి, మాటలూ వచ్చాయి. నడక గురించి అందరూ దిగులుపడిన పిల్లకు ఏ వైద్యమూ అవసరం కాలేదు. అవసరమైనది, తొందరగా నడిచినవాడికి.

కనుక మీ పాప పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా, మీ కళ్ళలోకి చూసి నవ్వుతోందా, బబ్బబ్బ, దద్దద్ద వంటి శబ్దాలు చేస్తోందా, దాచిన బొమ్మకోసం వెతుకుతోందా, బొరుగు గింజను బొటనవేలు, చూపుడువేళ్ళతో పట్టుకోవడానికి ప్రయత్నిస్తోందా అన్నవి గమనించండి. (గింజ నోట్లో పెట్టుకోకుండా దగ్గరే ఉండండి.) ఇవన్నీ ఉంటే, డేకడం ఒక్కటే దిగులు పడవలసిన విషయం కాదు. ఎప్పుడూ ఒకే చేయి వాడుతున్నా, ఒక పక్క కాలు ఈడుస్తున్నా, ఒళ్ళు మరీ బిగుసుకుపోయినట్లు లేదా మరీ వదులుగా ఉన్నా వెంటనే చూపించాలి. పిల్లలు ఎడమచేతివాటమా కుడిచేతివాటమా అన్నది ఏడాదిలోపు తేలకూడదు. తేలిందంటే రెండో చేయి బలహీనమేమోనని వైద్యులు అనుమానిస్తారు. ఏ వయసులోనైనా, వచ్చిన మాటో, నేర్చిన పనో పోయిందంటే ఒక్క వారం కూడా ఆగవద్దు.

వాకర్ కొనవద్దు. అది నడక నేర్పదు. పైగా మెట్ల మీదనుంచి పడిపోవడం, పొయ్యి దగ్గరకు వెళ్ళిపోవడం వంటి ప్రమాదాల వల్ల కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. బదులుగా పాపను రోజూ మెలకువగా ఉన్న సమయంలో చాప మీద బోర్లా వేసి ఎదుట బొమ్మలు పెట్టండి, పట్టుకొని లేవడానికి కదలని పీటో, మంచమో అందుబాటులో ఉంచండి.

తరువాతి టీకాకు వెళ్ళినప్పుడు, పాప డేకుతున్న వీడియో ఫోనులో తీసి చూపించండి. ఆసుపత్రిలో పిల్లలు ఏడుపు తప్ప మరేమీ చూపించరు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు కూడా తీసుకెళ్ళండి. అందులో నెలలవారీగా ఎదుగుదల బొమ్మలు ఉంటాయి, కానీ చాలామంది టీకాల పేజీ దాటి చూడరు. అనుమానం మిగిలితే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా పరీక్షిస్తారు. మీ అంగన్‌వాడీ టీచరును గాని ఆశా కార్యకర్తను గాని అడిగితే దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు.