సినగాగ్‌కి మెంబర్షిప్ ఎందుకక్కా? – పదో మనిషి సంగతి

"అక్కా, గుడికెళ్ళడానికి మెంబర్షిప్ ఏంటి, జిమ్‌కి కట్టినట్టు?" అని పోయిన నెల మా ఇంటికి భోజనానికొచ్చిన కొత్త జంటలో అమ్మాయి అడిగింది. ఇండియా నుంచి వచ్చి ఇంకా ఎనిమిది నెలలు కాలేదు, వాళ్ళ పాపకి ఇంటి దగ్గర సినగాగ్ (యూదుల గుడి) వాళ్ళ ప్రీస్కూల్లో సీటొచ్చిందట, పక్కింటి యూదుల కుటుంబం అక్కడ ఏడాదికి రెండు వేల డాలర్ల పైనే కడుతుందని విని నోరెళ్ళబెట్టింది. అప్పుడు పప్పుచారులో ఉప్పు చూసుకుంటూ ఏదో చెప్పేశా గానీ, న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్ళ నుంచీ మా పక్కిల్లు కూడా యూదులదే, నాకూ మొదట్లో ఇదే డౌటుండేది, అందుకని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. మన గుళ్ళో హుండీ ఉంటుంది, అర్చన టికెట్ ఉంటుంది, బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళి తోచినంత వేసొస్తాం. వాళ్ళకి ముఖ్యమైన ప్రార్థన శనివారం, శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచీ శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, ఆ టైంలో ఆచారం ప్రకారం డబ్బు ముట్టుకోరు, ఇక హుండీ పెట్టేదెక్కడ. పైనుంచి డబ్బు పంపే పీఠం కూడా ఏదీ లేదు, ఏ సినగాగ్ ఖర్చు ఆ సినగాగ్‌దే, రబ్బైని (అంటే అక్కడి మతగురువుని) కూడా బోర్డు వాళ్ళే ఇంటర్వ్యూ చేసి కాంట్రాక్టు మీద పెట్టుకుంటారు (మన తెలుగు అసోసియేషన్ ఎలక్షన్లు చూసినవాళ్ళకి ఆ బోర్డు మీటింగులు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు). అందుకని ఏడాది చందా. అంత కట్టలేమని ఆఫీసులో ఒక మాట చెప్తే తగ్గిస్తారు, కొన్ని చోట్ల ఈమధ్య మీకు తోచినంత కట్టండి అనే పద్ధతి కూడా పెట్టారు. అయినా అందరూ చేరతారనుకోకు, 2020లో ప్యూ రీసెర్చ్ అనే సంస్థ వాళ్ళు అమెరికా యూదుల్లో చేసిన సర్వేలో ఇంట్లో ఎవరికో ఒకరికి సినగాగ్ మెంబర్షిప్ ఉందని చెప్పింది మూడో వంతు మంది కంటే కాస్త ఎక్కువ, అంతే.

మరి చేరేవాళ్ళు ఎందుకు చేరతారంటే, తొంభై పాళ్ళు పిల్లల కోసం అని నా లెక్క. మనం ఆదివారం పిల్లల్ని మనబడికి (తెలుగు నేర్పే బడికి) తోలుకెళ్ళినట్టే వాళ్ళకి హీబ్రూ స్కూల్, ఆదివారం పొద్దున ఒకటి, వారం మధ్యలో సాయంత్రం ఇంకోటి, పిల్లల ఏడుపు కూడా అచ్చం మన పిల్లల ఏడుపే. పదమూడేళ్ళొచ్చేసరికి మగపిల్లాడికి బార్ మిట్స్‌వా, ఆడపిల్లకి బాట్ మిట్స్‌వా అని, ఇక పెద్దవాళ్ళయినట్టు వేడుక చేస్తారు (ఆడపిల్లలకి కొన్ని చోట్ల పన్నెండుకే), ఆరోజు పిల్లలు అందరి ముందూ తోరా అనే వాళ్ళ ధర్మగ్రంథం చుట్టలోంచి రాగంతో చదవాలి, ఆ చుట్టలో అచ్చుల గుర్తులుండవు, కామాలు ఫుల్‌స్టాపులు ఉండవు, అంటే ఏడాది పాటు వల్లె వేస్తే తప్ప రాదు. ఈ ఆడపిల్లల వేడుక అమెరికాలో మొదటిసారి జరిగింది 1922లో న్యూయార్క్‌లో, అంతకుముందు మగపిల్లలకే. అదయ్యాక పార్టీ, ఫోటోలు, ఆ మరుసటేడు చందా కాగితం వచ్చేసరికి చాలా కుటుంబాలు మెల్లగా జారుకుంటాయి, ఈ మాట ఏ సినగాగ్‌లో అడిగినా నిట్టూర్చి ఒప్పుకుంటారు.

మా పక్కింటావిడ కూడా జారుకునేదే. కొడుకు బార్ మిట్స్‌వా అయి రెండేళ్ళయింది, చందా కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అలాగే వేలాడుతోంది, ఆ ఫిబ్రవరిలో వాళ్ళ నాన్నగారు పోయారు. నేను కొత్తదాన్ని, ఏం తెలుసు, లిల్లీ పూల బొకే కొనుక్కుని వెళ్ళా, తర్వాత తెలిసింది వాళ్ళలో చావింటికి పూలు తీసుకెళ్ళరు, తినేవి తీసుకెళ్తారు అని. తలుపు తాళం వెయ్యలేదు, బెల్ కొట్టే పని లేదు, అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పారు, ఆవిడ ఒక పొట్టి కుర్చీలో కూర్చుని ఉంది. ఏడు రోజులు అలా ఇంట్లోనే కూర్చోవడాన్ని షివా అంటారు. సాయంత్రం ప్రార్థన టైమయింది, పోయినవాళ్ళ కోసం చదివే కడ్డిష్ అనేది ఒక్కరే చదువుకోడానికి వీల్లేదు, పదిమంది పెద్దవాళ్ళైన యూదులుండాలి, దాన్ని మిన్యాన్ అంటారు, వాళ్ళది కన్జర్వేటివ్ శాఖ కాబట్టి ఆడవాళ్ళూ లెక్కలోకొస్తారు, ఆర్థడాక్స్‌లో మగవాళ్ళే. ఒకాయన లెక్కపెట్టడం మొదలెట్టాడు, మనుషుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టకూడదట, పది మాటలున్న ఒక కీర్తన పాదం పెట్టి మనిషికో మాట చొప్పున చదువుతారు, మా తాతయ్య వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అనేవాడు, అది గుర్తొచ్చింది నాకు. పాదం చివరి మాట మిగిలిపోయింది. తొమ్మిది మంది. నేనూ మా ఆయనా ఉన్నాం గానీ మేం లెక్కలోకి రాం.

ఎవరో ఫోన్ చేశారు. బయట మోకాళ్ళ దాకా మంచు. పావుగంటకి వెనక వీధి ముసలాయన పైజమా మీదే కోటేసుకుని స్నో బూట్లతో లోపలికొచ్చాడు, ఎవరూ థాంక్స్ కూడా చెప్పలా, చేతికి పుస్తకం ఇచ్చారు, మొదలెట్టారు. ఆ కడ్డిష్‌లో చావు గురించి ఒక్క మాటా ఉండదట, అంతా దేవుడి స్తోత్రమే, అదీ ఎక్కువ భాగం హీబ్రూ కాదు అరామిక్.

తల్లిదండ్రులకైతే పదకొండు నెలలు చదవాలి, ఆవిడ రోజూ సాయంత్రం వెళ్ళేది, చందా కట్టేసింది. పదకొండు నెలలూ అయిపోయాక మానేస్తుందనుకున్నా, మానలేదు, ఇప్పటికీ బుధవారాలు పదిమందిలో ఒకరిగా వెళ్ళే వంతు ఆవిడదే, నాకు ఎవరో పైజమాతో వచ్చారు కదా అంటుంది. ఏడాదికోసారి మన తద్దినం లాంటిది యార్‌ట్సైట్ అని ఉంది, అదీ మనలాగే ఇంగ్లీషు తారీఖు కాదు, తిథి ప్రకారం, వాళ్ళ క్యాలెండర్లో కూడా పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అధికమాసం వస్తుంది (ఇది తెలిసిన రోజు మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పా). సినగాగ్ ఆఫీసు నుంచి ముందే ఉత్తరం వస్తుంది మీ నాన్నగారిది ఈ ఏడు ఫలానా రోజు అని, ఆ వారం ఆయన పేరు అందరి ముందూ చదువుతారు. ఇవన్నీ ఉన్నచోటు నుంచి మనిషి లేచి వెళ్ళిపోవడం కష్టం, రబ్బై ప్రసంగం బోరు కొట్టినా సరే, బోర్డులో వాడు నచ్చకపోయినా సరే.

నేను బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి ఇన్నేళ్ళుగా వెళ్తున్నా, దర్శనం, క్యాంటీన్లో దోశ, కారెక్కడం. నేను మూడు నెలలు వెళ్ళకపోయినా అక్కడ ఎవరికీ తెలీదు, తప్పు గుడిది కాదు, నేనే ఎప్పుడూ అలా కలవలేదు. మా మామగారు పోయినప్పుడు టికెట్లు దొరక్క రెండు రోజులు ఇంట్లో ఇరుక్కుపోయాం, మొదట తలుపు తోసుకొచ్చింది పక్కింటావిడే, ఒక ట్రే నిండా పాస్తా పట్టుకుని. ఆ తర్వాతే నేను మా వీధి విష్ణుసహస్రనామం గ్రూపులో చేరా, శనివారం రాకపోతే ఏమైందమ్మా అని ఫోన్ చేసే ముసలావిడ ఒకరున్నారక్కడ. నువ్వు కూడా అలాంటిది ఒకటి వెతుక్కో, మనబడిలో వాలంటీర్‌గా అయినా చేరు, ఊరికే పిల్లని దింపి కార్లో ఫోన్ చూసుకుంటూ కూర్చోకుండా.

ఎవరన్నా బాట్ మిట్స్‌వాకి పిలిస్తే వెళ్ళు. గుమ్మం దగ్గర బుట్టలో చిన్న టోపీలుంటాయి, మీ ఆయన ఒకటి పెట్టుకుంటే చాలు. ఫోన్ తియ్యొద్దు, ఫోటోలు అసలొద్దు. మనకి నూటపదహార్లలాగా వాళ్ళకి పద్దెనిమిది మంచి అంకె, జీవం అనే మాటకి హీబ్రూ అక్షరాల్లో వచ్చే లెక్క అది, 54, 72, 180 అలా చెక్కు రాస్తారు, కానీ శనివారం పొద్దున సినగాగ్‌లో కవరు చేతికివ్వకు, రాత్రి పార్టీలో ఇవ్వు. చదవడం అయ్యాక పిల్ల మీద మెత్తటి చాక్లెట్లు విసురుతారు, మన అక్షింతలే అనుకో. గేటు దగ్గర పోలీసుని చూసి కంగారుపడకు, 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో ఒకడు కాల్పులు జరిపి 11 మందిని చంపాడు, అప్పట్నుంచి చాలా చోట్ల కాపలా పెంచారు, పేరు ముందే ఇచ్చి వెళ్తే మంచిది.

ఇక ప్రీస్కూల్, హాయిగా పంపించు. వాళ్ళు మతంలోకి లాగరు, తామంతట తాము వస్తామన్నవాళ్ళని కూడా పాత పద్ధతిలో ముందు వద్దనే చెప్తారు. యూదులంటే తెల్లవాళ్ళేననీ అనుకోకు, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు యూదులున్నారు, వాళ్ళకీ చిన్న సినగాగ్ ఉంది, ఇది చెప్తే మా పక్కింటావిడ మ్యాప్‌లో చూపించేదాకా నమ్మలా. లంచ్ డబ్బాలో మాంసం ఉండకూడదంటారు, మీకు ఆ బాధే లేదు. కానీ మావాణ్ణి అలాంటి ప్రీస్కూల్లోనే వేసిన మొదటివారమే నేను పల్లీలేసిన పులిహోర పంపా, నట్స్ నిషేధం అని ఫామ్‌లో ఉందట చదవలా, డబ్బా మూత తియ్యకుండానే వెనక్కొచ్చింది, మావాడు ఆరోజు వాళ్ళిచ్చిన బిస్కెట్లు తిన్నాడు. ఏప్రిల్లో పాసోవర్ అనే వాళ్ళ పండగ వారం బ్రెడ్ వద్దన్నారని తెలివిగా ఇడ్లీ పెట్టా, తీరా చూస్తే తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్ళ ఆచారంలో ఆ వారం బియ్యమూ కుదరదు, పప్పులూ కుదరవు, ఇడ్లీలో రెండూ ఉన్నాయి. ఆ వారానికి ఉడికించిన బంగాళదుంప, పెరుగు, పండు పెట్టెయ్, మిగతా ఏడాదంతా పులిహోర పంపుకో పల్లీల్లేకుండా, జీడిపప్పు వేస్తానంటావేమో, అదీ నట్టేనమ్మా.