టీకాలన్నీ వేయించినా కోరింత దగ్గు.. బ్యాక్టీరియా మారిపోయిందా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. టీకాలన్నీ తేదీ తప్పకుండా వేయించాం. రెండు వారాలుగా రాత్రిళ్లు ఊపిరి సలపనంత దగ్గు. దగ్గి దగ్గి చివరికి వాంతి చేసుకుంటోంది. ముక్కు లోపలి నుంచి నమూనా తీసి పరీక్షిస్తే కోరింత దగ్గని తేలింది. ఇంట్లో ఏడు వారాల బాబు కూడా ఉన్నాడు. టీకాకు దొరకకుండా ఈ బ్యాక్టీరియా రూపం మార్చుకుందని ఎక్కడో చదివాను. అదే నిజమైతే బాబుకు టీకా వేయించి ప్రయోజనం ఏమిటి?
- ఒక తల్లి

సలహా: ముందు బాబు సంగతి చూద్దాం. బ్యాక్టీరియా కథ కాసేపు ఆగగలదు, అతను ఆగలేడు. అంత పసివాడికి కోరింత దగ్గు సోకితే పెద్ద పిల్లల్లో వినిపించే కూత వినిపించకపోవచ్చు. అసలు దగ్గే రాకపోవచ్చు. పాలు తాగుతూ మధ్యలో ఆగిపోవడం, కొన్ని క్షణాలు ఊపిరి నిలిచిపోవడం, పెదవులు నీలంగా మారడం.. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ కనిపించకపోయినా ఈ రోజే పిల్లల డాక్టరును కలవండి. పాపకు చికిత్సగా, ఇంట్లో మిగతా అందరికీ ముందుజాగ్రత్తగా అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ ఇస్తారు. టీకాలు వేయించుకున్నవారికీ ఇది తప్పదు. పాపకు దగ్గు మొదలై మూడు వారాలు దాటక ముందే వాడితేనే దీనివల్ల మేలు. అంటే మీకు ఇంకా వారం గడువుంది. పాప మందు మొదలుపెట్టి అయిదు రోజులు పూర్తయ్యేదాకా బాబు దగ్గరికి వెళ్లకుండా చూడండి. మీరు గర్భంతో ఉండగా ఏడో నెల తర్వాత కోరింత దగ్గు టీకా వేయించుకున్నారా? వేయించుకుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మీ నుంచి చేరిన యాంటీబాడీలు ఇప్పుడు బాబుకు అండగా ఉంటాయి.

ఇక మీరు చదివిన విషయం. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం మీ దాకా చేరలేదు.

పాత తరం టీకాలో చంపేసిన బ్యాక్టీరియా మొత్తం ఉంటుంది. దాంతో రక్షణ గట్టిగానే ఉంటుంది కానీ జ్వరం, సూది వేసిన చోట వాపు, గంటల తరబడి ఏడుపు ఎక్కువ. అందుకే 1981లో జపాన్ కొత్త తరం టీకాను వాడకంలోకి తెచ్చింది. తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి. ఇందులో పూర్తి బ్యాక్టీరియా ఉండదు. దాని నుంచి వేరుచేసి శుద్ధి చేసిన ప్రొటీన్లు ఒకటి నుంచి అయిదు వరకు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్యాక్టీరియా విడుదల చేసే విషం, పెర్టుసిస్ టాక్సిన్. చాలా టీకాల్లో ఉండే మరొకటి పెర్టాక్టిన్. ఇది బ్యాక్టీరియా ఒంటిమీద ఉండే ప్రొటీన్.

దొంగను నిలువెల్లా చూపించకుండా వాడి చొక్కా రంగు మాత్రమే కాపలావాళ్లకు చెప్పామనుకోండి. చొక్కా లేనివాడు తేలిగ్గా తప్పించుకుంటాడు. జరిగింది అదే. పెర్టాక్టిన్ తయారుచేయని బ్యాక్టీరియా ఆస్ట్రేలియాలో సేకరించిన నమూనాల్లో 2008లో 5 శాతం ఉంటే, 2012 నాటికి 78 శాతానికి చేరింది. అమెరికాలోనూ ఆ కాలంలో వీటిదే రాజ్యమైంది. బ్యాక్టీరియా పథకం వేసుకుని మారలేదు. జన్యువులో పొరపాట్లు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. టీకా వేసుకున్న జనంలో పెర్టాక్టిన్ ఉన్నవి ఆగిపోయి, లేనివి సాగిపోయాయి. మనమే జల్లెడ పట్టామన్నమాట. ఈ జన్యువు ఒక్కోచోట ఒక్కో రకంగా చెడిపోయింది. కొన్నిటిలో ముక్క ఊడిపోయింది, కొన్నిటిలో తలకిందులైంది. చాలావాటిలో మాత్రం ఐఎస్481 అనే చిన్న డీఎన్ఏ ముక్క వచ్చి మధ్యలో దూరింది. తనను తాను నకలు చేసుకుని ఎక్కడంటే అక్కడ దూరే ఈ ముక్కలు ఒక్కో బ్యాక్టీరియాలో 200కు పైగా ఉంటాయి. తమాషా ఏమిటంటే, కోరింత దగ్గుకు చేసే పీసీఆర్ పరీక్షల్లో చాలావరకు వెతికేది ఈ ముక్కనే. కాబట్టి చొక్కా విప్పేసిన బ్యాక్టీరియా కూడా పరీక్షకు దొరికిపోతుంది.

మరి టీకా పనికిరానట్టేనా? కాదు. బ్యాక్టీరియా చొక్కా వదిలేసింది కానీ విషాన్ని వదల్లేదు. పైగా 1980ల చివర్నుంచి ప్రపంచమంతా పాకిన రకాల్లో ఆ విషాన్ని తయారుచేసే జన్యువు మీట మారి, కాస్త ఎక్కువగానే తయారవుతోంది. పసిపిల్లల ప్రాణం తీసేది ఈ విషమే. తెల్ల రక్తకణాలను విపరీతంగా పెంచి ఊపిరితిత్తుల రక్తనాళాలను మూసేస్తుంది. టీకా నేర్పే యాంటీబాడీలు సరిగ్గా దీన్నే పట్టుకుంటాయి. పెర్టాక్టిన్ లేని రకాలు రాజ్యమేలుతున్న చోట్ల కూడా టీకా తీవ్రమైన జబ్బును ఆపుతూనే ఉంది. బాబుకు ఆరు వారాలు నిండాయి కాబట్టి మొదటి డోసు ఇంకా వేయించకపోతే ఆలస్యం చేయకండి.

నన్నడిగితే, మీ పాపకు దగ్గు రావడంలో బ్యాక్టీరియా మార్పుకన్నా కాలం పాత్రే ఎక్కువ. కొత్త తరం టీకా ఇచ్చే రక్షణ త్వరగా తరిగిపోతుంది. కాలిఫోర్నియా పిల్లల మీద చేసిన పరిశీలనలో అయిదో డోసు తర్వాత జబ్బు ముప్పు ఏటా సగటున 42 శాతం చొప్పున పెరిగినట్టు 2012లో తేలింది. ఇంకో చిక్కు ఉంది. ఈ టీకా వేసిన బబూన్ కోతులకు జబ్బు రాలేదు కానీ, వాటి గొంతులో బ్యాక్టీరియా వారాల తరబడి ఉండి పక్క కోతులకు సోకింది. ఇంట్లో పెద్దవాళ్ల ‘మామూలు దగ్గు’ను కూడా బాబుకు దూరంగా ఉంచమని చెప్పేది అందుకే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే మార్పు వేరే ఉంది. జన్యువులో ఒక్క అక్షరం మారడంతో అజిత్రోమైసిన్ కుటుంబం మందులకు లొంగని రకాలు చైనాలో బాగా వ్యాపించాయి. మీ ప్రాంతంలో అలాంటివి ఉన్నాయని డాక్టరు అనుమానిస్తే వేరే మందు ఎంచుకుంటారు.

పాప దగ్గు మాత్రం యాంటీబయాటిక్ వాడగానే తగ్గదు. ఆ మందు ఇతరులకు సోకకుండా ఆపుతుంది, విషం చేసిన గాయం మానడానికి వారాలు పడుతుంది. చైనా, జపాన్ భాషల్లో దీన్ని వంద రోజుల దగ్గు అనే పిలుస్తారు. దగ్గు మందులతో పెద్దగా ఉపయోగం లేదు. తిండి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. వాంతి అయితే కాసేపాగి మళ్లీ పెట్టండి. కొన్ని నెలల తర్వాత జలుబు చేసినప్పుడు అదే దగ్గు, అదే కూత మళ్లీ వినిపించవచ్చు. అది చాలావరకు పాత గాయం తాలూకు దగ్గే, బ్యాక్టీరియా తిరిగొచ్చినట్టు కాదు.