ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇచ్చే ఫలితాల్లో విలువ రకాన్ని సి భాషలో ఎలా తెలుసుకోవాలి?

గడిలో సున్నా ఉందో, అసలు విలువే లేదో విలువను పూర్ణాంకంగా చదివే కాలమ్_ఇంట్ ఫంక్షన్‌తో ఎందుకు తేలడం లేదన్నది ప్రశ్న. ఆ ఫంక్షన్ నల్‌కు (అంటే విలువ లేకపోవడానికి) కూడా 0నే తిరిగి ఇస్తుంది కాబట్టి దాని జవాబును బట్టి ఈ రెండింటినీ వేరు చేయలేము. స్టెప్ ఫంక్షన్ ఒక వరుసను అందించిన వెంటనే, విలువను చదవడానికి ముందే, రకాన్ని చెప్పే కాలమ్_టైప్‌ను పిలవాలి. అది పూర్ణాంకానికి 1, దశాంశ సంఖ్యకు 2, టెక్స్ట్‌కు 3, బ్లాబ్‌కు (ముడి బైట్లకు) 4, నల్‌కు 5 ఇస్తుంది. (కోడులో ఈ అంకెలను కాక, వాటికి నిర్వచించిన పేర్లనే వాడడం మేలు.) ముందే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది: పూర్ణాంకాన్ని కాలమ్_టెక్స్ట్‌తో అడిగితే లోపల రకమార్పిడి జరుగుతుంది, ఆ తరువాత కాలమ్_టైప్ చెప్పేదాన్ని నమ్మడానికి వీలులేదు.

టేబుల్‌ను సృష్టించేటప్పుడే కాలమ్‌కు ఇంటిజర్ అని రాశాం కదా, మళ్లీ తనిఖీ దేనికి అనిపించవచ్చు. స్ట్రిక్ట్ అని ప్రకటించని టేబుళ్లలో రకం కాలమ్‌ది కాదు, ఆయా విలువది. సంఖ్యగా మార్చలేని టెక్స్ట్, ఆ కాలమ్ ప్రైమరీ కీ కానంతవరకు, ఇంటిజర్ కాలమ్‌లోనూ టెక్స్ట్‌గానే నిల్వ ఉంటుంది. అందుచేత మొదటి వరుసను చూసి ఊరుకోకుండా ప్రతి వరుసలోనూ రకాన్ని చూడాలి. విలువ నల్ అయినప్పుడు కాలమ్_టెక్స్ట్ నల్ పాయింటర్‌ను ఇస్తుంది, దాన్ని నేరుగా టెక్స్ట్ పొడవును లెక్కించే స్ట్ర్‌లెన్ ఫంక్షన్‌కు అందిస్తే ప్రోగ్రాం కుప్పకూలవచ్చు. 32 బిట్లకు మించే సంఖ్యలకు కాలమ్_ఇంట్64 వాడాలి.