గేటు దగ్గర చెప్పాల్సిన మాట

ఏరా అల్లుడూ,

నిన్న నీ ఫోన్ వచ్చాక రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దెబ్బ నుంచి మీ రొయ్యల ప్లాంటు ఇంకా తేరుకోలేదనీ, రెండో షిఫ్టు ఆపేస్తారేమోనని జనం బెంగపెట్టుకున్నారనీ, ఒలుపు బల్లల దగ్గర ఆడవాళ్లు చిన్న మాటకే పోట్లాడుకుంటున్నారనీ అన్నావు. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాయే, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దానికి మీ ఆఫీసువాళ్లు యోగా క్లాసు పెడదామంటున్నారా! పొద్దున నాలుగింటికి లేచి వండి పెట్టి, కంపెనీ బస్సెక్కి వచ్చి, రోజంతా చల్లటి నీళ్లలో చేతులు పెట్టే మనుషులకి యోగా ఏంట్రా.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా విను. తొంభైల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చల వైరస్ తగిలి చెరువులకి చెరువులే ఖాళీ అయినప్పుడు నేనో ప్లాంటులో సూపర్‌వైజర్ని. మనుషుల్ని తగ్గిస్తారని నాకు ముందే తెలుసు. అడిగినవాళ్లకి మాత్రం "ఏం కాదమ్మా, మీ పని మీరు చూసుకోండి" అనేవాణ్ణి, ధైర్యం చెబుతున్నాననుకునేవాణ్ణి. నెలాఖరుకి గేటుకి పేర్ల కాగితం అంటించారు. అందులో పేరున్న ఒకావిడ తిట్టనుకూడా లేదు, "ముందే చెప్పుంటే పోయిన నెల అప్పు తెచ్చి ఇంటి రేకులు మార్పించేదాన్ని కాదు కదా బాబూ" అని వెళ్లిపోయింది.

అందుకని రేపు షిఫ్టు మారే వేళకి నువ్వే గేటు దగ్గర నిలబడు. తెలిసింది చెప్పు, తెలియంది తెలియదని చెప్పు, మళ్లీ ఏ తారీఖున చెప్తావో అదీ చెప్పు. ఆ రోజుకి కొత్త సంగతి ఏమీ లేకపోయినా సరే, వెళ్లి ఆ మాటే చెప్పు. లేకపోతే టీ కొట్టు దగ్గర పుట్టిన మాట మధ్యాహ్నానికల్లా ప్యాకింగ్ సెక్షన్ దాకా పాకుతుంది, అప్పుడు నువ్వు నిజం చెప్పినా నమ్మరు.

సగంమందిని పంపేసే బదులు వారానికి నాలుగైదు రోజుల చొప్పున పని అందరికీ పంచమని ఓనరుగారిని అడుగు. ఒప్పుకోకపోవచ్చు, అయినా అడుగు. జీతం మాత్రం ఏడో తారీఖు దాటనివ్వకు, అది చట్టం కూడానూ. డ్వాక్రా కిస్తీ, ఫైనాన్సు బండి, పిల్లల ఫీజు అన్నీ ఆ తారీఖు చుట్టూనే తిరుగుతాయి, రెండు రోజులు లేటైతే ఆ ఇంట్లో పొయ్యి దగ్గర గొడవ మొదలవుతుంది, మర్నాడు అదే నీ బల్ల దగ్గరికి వస్తుంది.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నా దాని సంగతి చాలామందికి తెలీదురా. అర్హత ఉన్నవాళ్లకి జబ్బు చేసి డాక్టరు సెలవు రాస్తే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. ఈ ముక్క తెలియకే జ్వరంతో డ్యూటీకొచ్చి కళ్లు తిరిగి పడిపోతారు. ఒక కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి క్యాంటీన్లో అంటించు. కిందనే 14416 నంబరు కూడా వెయ్యి, టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్ లైను, ప్రభుత్వానిదే, ఏ వేళప్పుడు చేసినా డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. ఎవరైనా "నేను పోతే అన్నీ తీరిపోతాయి" అన్నట్టు మాట్లాడితే అది మామూలు మాట అనుకోకు. సలహాలివ్వొద్దు, పక్కన కూర్చుని విను, ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్లని పిలిపించి ఆ నంబరుకి నువ్వే కలిపివ్వు.

మేస్త్రీలని కూడా ఓ కంట కనిపెట్టు. పై నుంచి తిట్లు పడ్డ మేస్త్రీ ఆ తిట్లు కిందకి రెట్టింపు చేసి పంపుతాడు, నేనూ అలా పంపినవాణ్ణే.

ఇక నీ సంగతి. మూడు నెలలుగా నీ జీతంలో కోత పడుతోందని నాకు చెప్పావు గానీ మీ ఆవిడకి చెప్పలేదన్నావు. నువ్వు రాత్రుళ్లు డాబా మీద తిరుగుతున్నావని ఆ పిల్ల మీ అత్తయ్యకి ఫోన్ చేసి అడిగింది, ఏదో సర్దిచెప్పాం. ఇవాళ ఇంటికెళ్లి ముందు ఆ పిల్లకి చెప్పు, గేటు దగ్గర మాట రేపు చూసుకోవచ్చు.

మీ మావయ్య