పాత మోటార్‌హోమ్ కొనబోతున్న మేనకోడలికి

చి. సౌ. స్వాతికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు మోటార్‌హోమ్‌ల, అదే లోపల ఇల్లులా ఉండే ఆ బళ్ల, వివరాలూ తీరిగ్గా చూశాను. ఒకటి 2012 మోడల్, 32 అడుగులు, ముందు ఫోర్డ్ వాళ్ల వీ10 (పది సిలిండర్ల) గ్యాస్ ఇంజిన్, గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే, 38 వేల మైళ్లు తిరిగింది. రెండోది 2005 మోడల్, 38 అడుగులు, వెనక కమిన్స్ కంపెనీ 8.3 లీటర్ల డీజిల్ ఇంజిన్, 92 వేల మైళ్లు. ధర ఇంచుమించు ఒకటే. అల్లుడు గారికి డీజిల్ మీద మనసు పడిందని, నీకేమో ఆ పొడవు చూస్తేనే టెన్షన్‌గా ఉందని రాశావు. రెండింట్లో ఏది మంచి ఇంజిన్ అని అడిగావు. రెండూ మంచివే తల్లీ. రెండూ ఏళ్ల తరబడి రోడ్డు మీద నలిగి నిలబడ్డ ఇంజిన్లే.

నా మాట ముందే చెప్పేస్తాను: మీరు గ్యాస్ బండే తీసుకోండి. "మీరు మాత్రం డీజిల్‌లో తిరుగుతూ మాకు గ్యాస్ చెప్తారేం?" అని అల్లుడు గారు తప్పకుండా అడుగుతారు. మీ అత్తయ్యా నేనూ రిటైరయ్యాక ఏడాదిలో సగం రోజులు అందులోనే ఉంటున్నాం. చలికాలం అరిజోనా, ఎండాకాలం ఉత్తరానికి. మా బండికి ఖాళీ ఉండదు. మీ సంగతి అలా కాదు. ఇద్దరివీ ఉద్యోగాలు, పిల్లలకి స్కూళ్లు. వేసవిలో ఒక పెద్ద ట్రిప్పు, థాంక్స్‌గివింగ్‌కి ఒకటి, మధ్యలో ఏవో కొన్ని వీకెండ్లు. ఎంత తిరిగినా ఏడాదికి నాలుగు వేల మైళ్లు దాటవు. మిగతా నెలలన్నీ అది మీ టెక్సస్ ఫ్రిస్కో ఎండలో స్టోరేజ్ యార్డులో నిలబడే ఉంటుంది. నిలబడిన బండికి ఖర్చు ఆగదు. ఆ ఖర్చు డీజిల్‌కి ఎక్కువ, గ్యాస్‌కి తక్కువ. నా సలహా అంతా ఈ ఒక్క లెక్క మీదే ఉంది.

డీజిల్‌కి మైలేజీ ఎక్కువ కదా అంటారు. చేసి చూద్దాం. ఆ వీ10 గ్యాలన్‌కి ఏడు మైళ్లు ఇస్తుందనుకో, డీజిల్ ఎనిమిదిన్నర ఇస్తుందనుకో. నాలుగు వేల మైళ్లకి గ్యాస్ సుమారు 571 గ్యాలన్లు, డీజిల్ సుమారు 471. గ్యాస్ గ్యాలన్ 3 డాలర్లు, డీజిల్ 3.60 ఉన్న రోజున ఆ రెండు బిల్లుల మధ్య తేడా ఇరవై డాలర్లు. ఆదా అన్నది అంతే. ఇక సర్వీసుకి వెళ్తే వీ10కి ఆరేడు క్వార్ట్ల ఆయిల్ (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ), ఒక ఫిల్టర్, ఏ ట్రక్కుల షాపులో అయినా గంట పని. డీజిల్‌కి ఇరవై క్వార్ట్ల పైమాటే ఆయిల్, ఫ్యూయల్ ఫిల్టర్లు, కూలెంట్‌లో కలిపే మందు లెవెల్ చూడటం, బ్రేకుల కోసం గాలి ఆరబెట్టే ఎయిర్ డ్రయ్యర్ మార్చడం, చాసిస్ కింద గ్రీజు. బండి తిరిగినా తిరగకపోయినా వీటిలో చాలావాటికి ఏళ్ల గడువు ఉంటుంది. ఏడాదికి ముప్పై వేల మైళ్లు తిరిగేవాడికి ఇదంతా లెక్కలోకి రాదు. మీకు మైలుకి ఎంత పడుతోందో చూసుకుంటే గుండె గుభేలుమంటుంది.

అయినా డీజిల్ గొప్పతనం దాచను. మీరు వెళ్తానంటున్నది ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి. డాలస్ నుంచి అమరిల్లో, అక్కడి నుంచి న్యూమెక్సికో దాటేటప్పుడు ర్యాటన్ పాస్, 7,834 అడుగులు. తర్వాత కోడీ వైపు నుంచి పార్కు తూర్పు గేటు దాటాక సిల్వన్ పాస్, 8,524 అడుగులు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి, గాలిని లోపలికి గట్టిగా నెట్టే టర్బో లేని గ్యాస్ ఇంజిన్ వెయ్యి అడుగులకి మూడు శాతం చొప్పున బలం కోల్పోతుంది. ఎనిమిది వేల అడుగుల దగ్గర పావు వంతు పోయినట్టే. టర్బో ఉన్న డీజిల్‌కి ఆ నష్టం దాదాపు తెలియదు. పైగా దాని టార్క్, అంటే లాగే బలం, వీ10కి రెట్టింపు దాకా ఉంటుంది, అదీ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే. వీ10 బలమంతా పైన ఉంటుంది. ఎక్కుడు వచ్చిందంటే గేరు దించుకుని నాలుగు వేల ఆర్‌పీఎం దాటి అరుస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు ఇంజిన్ పగిలిపోతుందేమోనని కంగారు పడతారు. పగలదు. ఆ ఇంజిన్ తీరే అది. కుడి లేనులో నలభై మైళ్ల వేగంతో ఎక్కండి, వెనకవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

ఎక్కడం కన్నా దిగడమే నాకు ముఖ్యం. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారి బిగించి ఇంజిన్‌తోనే బండిని ఆపిపట్టేది) స్విచ్చు వేస్తే ఆరు శాతం వాలులో కాలు బ్రేకు మీద పెట్టకుండానే చాలాదూరం దిగిపోవచ్చు. గ్యాస్ బండిలో ఆ సౌకర్యం లేదు. గేర్లని కిందే పట్టి ఉంచే టో హాల్ బటన్ నొక్కి, కొండ పైనే వేగం తగ్గించి, కింది గేరులో దిగాలి. ఇంజిన్ అరుస్తూ బండిని పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి పదిమైళ్లు తగ్గించి వదిలెయ్యాలి. అంతేగానీ కాలు తేలిగ్గా ఆనించి కిందిదాకా ఉంచకూడదు, బ్రేకులు కాలిపోతాయి. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి పడమరకి దిగేచోట ఏడు శాతం వాలు ఉంది. బ్రేకులు పోయిన లారీలని ఆపడానికి పక్కన కంకర మెరకలు ఎందుకు కట్టారో అక్కడ చూస్తే అర్థమవుతుంది. ఏటా ఆ కొండల్లోనే తిరుగుతాం, వెనక కారు కూడా లాక్కెళ్తాం అంటే నా సలహా వెంటనే మార్చుకుంటాను. వేసవికి ఒకసారి అయితే నేర్చుకుని దిగితే చాలు.

రెండో మంచి మాట డీజిల్ గురించి: ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి ముందు సీట్లలో నిశ్శబ్దం. వీ10 బండిలో ఇంజిన్ మీ ఇద్దరి సీట్ల మధ్య డబ్బా కింద ఉంటుంది, కొండెక్కేటప్పుడు వేడి కాళ్లకి తగులుతుంది, మాట వినపడదు. డీజిల్ బండికి ఉండే ఎయిర్ సస్పెన్షన్ (గాలి సంచుల స్ప్రింగులు) మీద చెల్లాయికి, అదే మీ అమ్మకి, నడుము నొప్పి తెలియకుండా ఉంటుంది, ఇదొక్కటే నన్ను కాస్త ఆలోచనలో పెట్టింది.

బరువు సంగతి మాత్రం గ్యాస్ బండి విషయంలో గట్టిగా చూడాలి, ఎందుకంటే దానికి మిగులు తక్కువ. డ్రైవర్ పక్కనో తలుపు దగ్గరో ఒక పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌన్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. మీరు నలుగురు, చెల్లాయి, బావగారు, ఆరుగురు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌన్లు. 70 గ్యాలన్ల ట్యాంకు నిండితేనే 580 పౌన్లు. ఆపైన చెల్లాయి బియ్యం బస్తా, రెండు కుక్కర్లు, గ్రైండరు లేకుండా కదలదని నీకు తెలుసు, నాకూ తెలుసు. సామాను ఎక్కించాక ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేలు మీద ఒక్కసారి తూకం వేయించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా చీటీ మీద వస్తుంది.

పొడవు గురించి నీ భయం సబబే. నేషనల్ పార్కుల్లో పాత క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో 38 అడుగుల బండికి సైటు దొరకడం కష్టం. ఇంకో విషయం అమ్మేవాడు చెప్పకపోవచ్చు: బండి గ్రాస్ రేటింగ్, అంటే సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, 26,000 పౌన్లు దాటితే టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్స్ సరిపోదు, సొంత వాడకానికైనా క్లాస్ బి తీసుకోవాలి. ఆ డీజిల్ బండి రేటింగ్ స్టిక్కర్ మీద ఆ అంకె ఎంతుందో చూడండి.

అల్లుడు గారి ఎంపికలో ఒక తెలివి ఉంది, అది ఒప్పుకోవాలి. డీజిల్ కొనేవాడు ముందు చూడాల్సింది ఇంజిన్ తయారైన సంవత్సరం. 2007 నుంచి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ వచ్చింది. 2010 నుంచి దానికి తోడు డెఫ్ అనే యూరియా ద్రవం, దాని ట్యాంకు, పంపు, సెన్సార్లు. ఇవి రోజూ దూరాలు తిరిగే లారీల్లో బాగానే పని చేస్తాయి. నెలల తరబడి నిలబడి, మధ్యలో పది మైళ్లు తిరిగి ఆగే బండిలో మసి ఫిల్టర్ కాలి శుభ్రపడే అవకాశమే రాదు, యూరియా ఎండకి పాడవుతుంది. సెన్సార్ ఒకటి మొండికేస్తే కంప్యూటర్ చివరికి బండి వేగాన్ని ఐదు మైళ్ల దాకా దించేయొచ్చు. 2021లో చిప్స్ కొరత వచ్చినప్పుడు ఆ సెన్సార్లు దొరక్క ఎంతోమంది బళ్లు వారాల తరబడి షాపుల్లో ఉండిపోయాయి. మీ 2005 బండికి ఈ గొడవ ఏదీ లేదు. ఇంకో కిటుకు చెప్తాను: కోచ్ మోడల్ సంవత్సరాన్నీ ఇంజిన్ సంవత్సరాన్నీ ఒకటనుకోకూడదు. 2006లో తయారైన ఇంజిన్లని ముందే కొని పెట్టుకుని 2007, 2008 మోడళ్లలో బిగించినవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ప్లేటు మీద తేదీ చూస్తేనే నిజం తెలుస్తుంది.

మీ ఆఫీసులో ఎవరో మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాను మీద కట్టిన చిన్న డీజిల్ కొనమన్నారని రాశావు. గ్యాలన్‌కి పదిహేను మైళ్లు ఇస్తుంది, నిజమే. ఇద్దరికి ముచ్చటైన బండి. ఆరుగురికి, ఆ సామానుకి దాని చాసిస్ చాలదు. వదిలెయ్యండి.

ఇప్పుడు చూడటానికి వెళ్లినప్పుడు చెయ్యాల్సినవి. రెండు బళ్ల వాళ్లకీ ముందు రోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఆ రోజుకి తిరిగి వచ్చెయ్యండి, చల్లగా ఉన్నప్పుడు చూపించమనండి. చల్లటి వీ10ని స్టార్ట్ చెయ్యగానే ఒక పక్క నుంచి టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) బోల్టు విరిగి ఉండొచ్చు. ఆ ఇంజిన్‌కి ఇది మామూలే, కానీ విరిగిన ముక్క తీయడానికి కూలీ ఎక్కువ, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. వీ10కి స్పార్క్ ప్లగ్ హెడ్డులోంచి (ఇంజిన్ పై భాగంలోంచి) ఊడి ఎగిరిపోతుందని విని భయపడతారేమో. అది ఎక్కువగా 1990ల చివరి, 2000 తొలి ఏళ్ల హెడ్డుల సంగతి. మీ 2012 బండిది సిలిండర్‌కి మూడు వాల్వులుండే తర్వాతి రకం హెడ్డు, ఆ భయం అక్కర్లేదు. ట్యాంకులో పాత గ్యాస్ ఎన్నాళ్లుగా ఉందో మాత్రం అడగండి, ఇథనాల్ కలిసిన గ్యాస్ నిలవ ఉంటే పాడవుతుంది.

ఇంత చెప్పినా డీజిలే అని మనసు ఆగకపోతే, వెనక తలుపు తీసి రేడియేటర్ ఎటు పక్క ఉందో చూడండి. పక్కన ఉంటే మంచిది. వెనక ఉంటే ఇంజిన్ గొట్టంలోంచి వచ్చే ఆయిల్ ఆవిరీ రోడ్డు దుమ్మూ కలిసి దాని లోపలి వైపు జిడ్డు పేరుకుంటుంది. టార్చి వేసి లోపలి నుంచి చూడాలి, బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. కొండెక్కేటప్పుడు డీజిల్ వేడెక్కుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. తర్వాత గాలితో పనిచేసే బ్రేకుల పరీక్ష: గాలి ప్రెషర్ 120 పౌన్ల (పీఎస్ఐ) దాకా ఎక్కనిచ్చి, చక్రాలకి అడ్డుపెట్టి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి ముల్లు చూస్తూ కూర్చోండి. నిమిషానికి రెండు పౌన్ల కన్నా ఎక్కువ పడిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆయిలూ కూలెంటూ శాంపిల్ తీయించి ల్యాబ్‌కి పంపండి. ఆయిల్‌లో కూలెంట్ జాడ కనిపిస్తే ఇంక బేరం లేదు.

జనరేటర్ రెండింట్లోనూ చూడాలి. తక్కువ గంటలు తిరిగిందని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తారు. అది గొప్ప కాదు, నెలకోసారి లోడు మీద నడపకపోతే పాడయ్యే వస్తువు అది. రెండు ఏసీలూ వేసి గంటసేపు నడిపించండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. ఏడేళ్లు దాటితే ట్రెడ్ కొత్తగా కనిపించినా మార్చాల్సిందే. డీజిల్‌కి ఉండే 22.5 అంగుళాల టైర్లు ఆరూ మార్చాలంటే మూడు నాలుగు వేల డాలర్లు సులువుగా అవుతుంది. పైకప్పు ఎక్కి సీలు చూడండి, మెత్తగా కుంగే చోటు ఉందేమో కాలితో నొక్కండి. ఇంజిన్ ఎంత బాగున్నా కప్పు కారిన బండి కొనకూడదు. మీకు నచ్చాక ఎన్ఆర్‌వీఐఏ (ఇలాంటి బళ్లు తనిఖీ చేసేవాళ్ల జాతీయ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి, డీజిల్ అయితే ఇంజిన్ కోసం వేరే మెకానిక్‌ని.

శనివారం వెళ్తున్నారు కదా. గ్యాస్ బండి దగ్గరికి ముందు వెళ్లండి. ఆ పసుపు స్టిక్కర్, టైర్ల అంకెలు, సర్వీసు కాగితాలు ఫోటోలు తీసి పంపు. కాగితాలు లేవంటే, కాగితాలున్న బండి ధర ఎందుకు ఇవ్వాలని మొహమాటం లేకుండా అడుగు. అల్లుడు గారు స్టీరింగ్ పట్టుకున్నాక నువ్వు వెనక మంచం మీద కూర్చుని పది మైళ్లు ప్రయాణం చేసి చూడు, చెల్లాయి, బావగారు కూర్చోబోయేది అక్కడే.

ఇట్లు,
మీ మామయ్య