చత్వారం వచ్చాక మగ్గం వర్క్‌కి ఏ భూతద్దం కొనాలి?

మీకు 47 ఏళ్లు. పదేళ్లుగా సరదాకి ఇంట్లోనే బ్లౌజుల మీద మగ్గం వర్క్ చేసుకుంటున్నారు. ఈమధ్య షుగర్ బీడ్స్, అంటే ఆ చిట్టి పూసలు, అలికేసినట్టు కనిపిస్తున్నాయి, అందుకని "10 రెట్లు పెద్దగా చూపిస్తుంది" అని రాసిన భూతద్దం కొనొచ్చా అని అడిగారు. కొనకండి. నేను కొని, సొరుగులో పడేసి ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

నాకిప్పుడు 56. చత్వారం అన్న మాటలోనే చత్వారింశత్, అంటే నలభై, ఉందంటారు. నన్ను మాత్రం మూడేళ్లు ఆగి 43లో పట్టుకుంది. కంట్లో కటకం వయసుతో బిరుసెక్కిపోతుంది, దగ్గరివాటి కోసం ఉబ్బాల్సినంత ఉబ్బదు. అంతే సంగతి. ఎవరి దిష్టీ తగల్లేదు, మగ్గం వల్ల రానూ లేదు. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ మగ్గం మీదే నెపం పెడతారు.

నేను మొదట కొన్నది చేత్తో పట్టుకునే భూతద్దం. మగ్గానికి రెండు చేతులూ కావాలి, పైచేతిలో కొక్కెం మొన ఉన్న ఆరీ సూది, కిందచేతిలో దారం. ఇక అద్దం ఎవరు పట్టుకుంటారు? రెండు రోజులు మా అమ్మాయి పట్టుకుంది, మూడోరోజు పారిపోయింది. తర్వాత తలకి పట్టీలా తగిలించుకునేది కొన్నాను, మార్చుకునే అద్దాలు, ముందు చిన్న లైటు. ఎక్కువ పెద్దగా కనబడితే మంచిదేగా అని తిన్నగా 3.5 రెట్లది బిగించాను. పూస బఠాణీ అంత కనబడింది. కానీ ముఖం గుడ్డకి పది సెంటీమీటర్ల దూరంలో పెడితేనే కనబడింది! సూది పైకి లేచినప్పుడల్లా ముక్కుకి గుచ్చుకుంటుందేమోనని భయం, పక్కనున్న పూసల గిన్నె వైపు తల తిప్పితే అంతా మసక. వారం తిరిగేసరికి మెడ పట్టేసింది.

అప్పుడు తెలిసింది, ఎన్ని రెట్లు అని కాదు అడగాల్సింది, ఎంత దూరం అని. కంటికి ఆనించి పెట్టుకునే అద్దం ఏదైనా, నిజానికి మనల్ని వస్తువుకి దగ్గరగా వెళ్లనిస్తుంది, దగ్గరగా వెళ్లాం కాబట్టి పెద్దగా కనబడుతుంది. లెక్క చాలా తేలిక. వందని అద్దం పవర్‌తో భాగిస్తే వచ్చేది సెంటీమీటర్లలో దూరం. +2 అయితే 50, +4 అయితే 25. మీరు ఆశపడ్డ 10 రెట్లది నగల షాపుల్లో రాయి చూడ్డానికి కంటికి అదుముకునే రకం. దాని దూరం రెండున్నర సెంటీమీటర్లు. అంత సందులో సూది ఆడదు.

కాబట్టి ముందు టేపు తీసుకోండి. మీరు మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, కంటి నుంచి గుడ్డ దాకా ఎంతుందో ఇంట్లో వాళ్లచేత కొలిపించండి. నాది 52 వచ్చింది. చదువుకునే అద్దాలు మామూలుగా 40 సెంటీమీటర్లకి లెక్కకట్టి ఇస్తారు. నాది +2.25, అంటే 44 దాటితే మసకే. ఇన్నేళ్లూ అద్దం పవర్ చాలక కాదు, ఆ ఎనిమిది సెంటీమీటర్ల కోసం నేను వంగుతున్నానన్నమాట. ఆ అంకె కాగితం మీద రాసుకుని కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే +1.75 రాశారు. అంటే పవర్ పెంచాల్సింది పోయి తగ్గించాలి! ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మెడనొప్పి మాత్రం నెలలో తగ్గింది.

రెండు జాగ్రత్తలు. మెడికల్ షాపులో దొరికే రెడీమేడ్ అద్దాల్లో రెండు కళ్లకీ ఒకటే పవర్ ఉంటుంది, సిలిండర్ (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేనప్పుడు దాన్ని సరిచేసే పవర్) ఉండదు. నాకు ఎడమకంటికి సిలిండర్ ఉందని ఆ పరీక్షలోనే బయటపడింది. ఇక ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ మారుతూ ఉండేవి, పెళ్లిళ్లకీ బజారుకీ బాగుంటాయి గానీ, వాటిలో దగ్గర చూపు కిందవైపు ఇంత ముక్కలోనే ఉంటుంది. మగ్గం అంత వెడల్పున పరుచుకుని ఉంటే గడ్డం ఎత్తి, తల అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. పనికి పైనుంచి కిందదాకా ఒకే పవర్ ఉన్న అద్దం, ఏ కంటికి తగ్గది ఆ కంటికి, విడిగా చేయించుకోండి.

మామూలు చైన్ స్టిచ్, లోడ్ వర్క్ దాకా నాకు దీంతోనే గడిచిపోతుంది. జర్దోసి తీగ ముక్కలు, కట్‌దానా (సన్న గొట్టాల్లాంటి పూసలు) వచ్చినప్పుడు అదే అద్దం మీద తలపట్టీ వేసుకుంటాను, 1.5 రెట్లది. దాని పవర్ సుమారు +2, రెండూ కలిసి 3.75, దూరం 27 సెంటీమీటర్లు. ఇక్కడ అందరూ చేసే తప్పు మెడ వంచడం. మెడ వంచకండి, మగ్గాన్ని పైకి లేపండి. నేను స్టాండు కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి, పొట్టి స్టూలు మీద కూర్చుంటాను.

బల్లకి బిగించే లైటున్న భూతద్దం కూడా ఉంది నా దగ్గర, +3 ది. అద్దం పెద్దది కాబట్టి కన్ను దానికి దూరంగా ఉన్నా కనబడుతుంది, నడుం నిటారుగా ఉంటుంది. రింగులో బిగించి చేసే చిన్న పనికి అంతకంటే హాయి లేదు. పెద్ద మగ్గం మీద మాత్రం దాన్ని జరుపుకుంటూనే పొద్దు గడుస్తుంది. దానికి మూత ఉంటుంది, పని అయిపోగానే వేసెయ్యండి. నేను ఒకరోజు కిటికీ దగ్గర తెరిచి వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఎండ అందులోంచి పడి, మా తోడికోడలి పట్టు బ్లౌజు ముక్క మీద పప్పుగింజంత చోటు కాలిపోయింది. ఆ చోట ఒక కుందన్ అతికించి బయటపడ్డాను. ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

మెడలో వేలాడదీసుకునే రకం ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది, వద్దు. ఫోన్ కెమెరాలో చూసుకుంటూ కుడదామనుకుంటే సూది గుడ్డకి ఎంత ఎత్తులో ఉందో తెలీదు.

వీటన్నిటికంటే ముందు లైటు సంగతి చూసుకోండి. వెలుతురు బాగా పడితే కంటిపాప చిన్నదవుతుంది, అప్పుడు ముందూ వెనకా కూడా స్పష్టత పెరుగుతుంది. పొద్దున్నే వరండాలో పేపరు అద్దాల్లేకుండా చదవగలగడం అందుకే. మెడ వంగే దీపం ఒకటి కొని, కుడిచేతి వాటమైతే ఎడమవైపు, కంటి మట్టం కంటే కింద పెట్టండి. చమ్కీల మెరుపు కళ్లలోకి కొట్టదు.

కొనే ముందు కళ్ల పరీక్ష మాత్రం మానకండి. గీతలు వంకరగా కనబడినా, ఒక కంట్లో ఉన్నట్టుండి మసక వచ్చినా అది చత్వారం కాదు, ఆగకుండా డాక్టరుకి చూపించాలి. షుగర్ ఉంటే, అది అదుపులోకి వచ్చాకే పవర్ చూపించుకోండి, హెచ్చుతగ్గుల్లో అంకె మారిపోతుంది. మా పెద్దమ్మ డెబ్భైల్లో "నాకు అద్దాలు అక్కర్లేకుండా పోయాయే" అని సంబరపడింది. తీరా చూస్తే శుక్లం. అది ముదిరేటప్పుడు కొంతకాలం దగ్గర చూపు తిరిగి వచ్చినట్టు ఉంటుందట.

నల్ల గుడ్డ మీద నల్ల పూసలు కుట్టాల్సి వస్తే, మగ్గం కింద ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకోండి, నేత సందులు తెలుస్తాయి. అయినా ఆ పని రాత్రిపూట పెట్టుకోవద్దు. నేను పెట్టుకోను, ఎంత తొందర పని అయినా.