వరద నీళ్లు తగ్గిన ఇంటికి రంగులు ఎప్పుడు వేయించవచ్చు?

నీళ్లు తగ్గి నెల దాటింది, గోడలు ఆరినట్టే ఉన్నాయి, పండుగకు రంగులు వేయించవచ్చా అని అడిగారు. వద్దు. ఈ పండుగకే కాదు, వచ్చే పండుగకూ వద్దు. ముందు ఒక వేసవి పూర్తిగా గడవనివ్వండి.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు, కింది వాటాలో ఛాతీ దాకా మునిగింది. తరువాత ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగి వెళ్లాయి. గొప్ప సాయమే, కాదనను. కానీ బురద పోగానే ఇల్లు బాగుపడిపోయిందని వీధంతా అనుకుంది. ఇటుక గోడ నీళ్లు తాగినంత తొందరగా వదలదు. పై సిమెంటు పూత ముందు ఆరి, చేతికి పొడిగా తగులుతుంది. లోపలి ఇటుక తడిగానే ఉంటుంది. అంగుళం మందానికి నెల చొప్పున అని ఒక మోటు లెక్క ఉంది. మన కోస్తా ఉక్కలో అదీ చాలదంటాను.

కింద పడకగదిలో గోడకు బిగించిన కప్‌బోర్డు ఒకటి ఉండేది. వడ్రంగి వచ్చి తలుపులు తీసి, వేసి, "పైన లామినేటు చెక్కు చెదరలేదు సార్, అడుగు పలక మారిస్తే చాలు" అన్నాడు. మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ముక్కిన వాసన వస్తోందిరా, వెనక ఏముందో విప్పి చూడమను" అంది. అతను నవ్వాడు. అమ్మ కదలలేదు. చివరికి విసుగ్గా ఉలి దూర్చి వెనక పలక లాగాడు. అది పలకలా రాలేదు, నానిన అట్టలా పొరలు పొరలుగా చేతిలోకి వచ్చింది. దాని వెనక గోడ కనబడితే ఒట్టు! నేల నుంచి నీళ్లు నిలిచిన గీత దాకా నల్లటి నూగు, ఆ గీత పొడవునా ఆకుపచ్చ మచ్చలు. టార్చి వేస్తే వెలుగులో సన్నటి పొడి తేలుతోంది. వడ్రంగి మాట్లాడకుండా తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. అదే గదిలో మిగతా మూడు గోడలు శుభ్రంగా ఉన్నాయి, ఎందుకంటే వాటికి గాలి తగిలింది.

బూజుకు కావలసింది తడి, తిండి, కదలని గాలి. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే ఈ పార్టికల్ బోర్డు ఆ మూడూ ఒకేచోట అమర్చి పెడుతుంది. లక్షలు పోసి దీన్ని గోడల నిండా బిగించుకోవడం ఏ పుణ్యాత్ముడు మొదలుపెట్టాడో కానీ, మా నాయనమ్మ టేకు భోషాణం అదే నీళ్లలో నానింది. నీడపట్టున ఆరబెడితే ఇప్పటికీ మూత బిగుతుగా పడుతోంది. కాబట్టి మీ ఇంట్లో గోడకు బిగించిన చెక్క ఏదున్నా ముందు ఊడదీయండి. తడిసిన దూది పరుపుల మీద మమకారం వదులుకోండి. స్విచ్ బోర్డులన్నీ విప్పించకుండా మెయిన్ వేయకండి, గోడ లోపలి వైర్ల పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి.

బూజును పొడిగా చీపురుతో దులపకండి, ఇల్లంతా చల్లినట్టవుతుంది. మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, పాడైన పుట్టీ గీకి పారేయండి. బ్లీచింగు చల్లితే గోడ తెల్లబడుతుంది, లోపలి తడి ఎక్కడికీ పోదు. ఆ బ్లీచింగును బాత్‌రూము యాసిడ్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణం మీదకు వస్తుంది. గదిలో బొగ్గుల కుంపటి పెట్టమనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. తలుపులు మూసి అది రాజేస్తే విషవాయువే. సాంబ్రాణి వేస్తే వాసన మారుతుంది, అంతే. ఎండ ఉన్నప్పుడు ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను బయటికి గాలి కొట్టేలా తిప్పి, ఎదుటి కిటికీ తీసి ఉంచండి. ముసురు పట్టిన రోజు కిటికీలు మూయండి. గోడ మీద తెల్లటి పొడి తేలితే బెదరకండి, నీటి చుక్కలో కరిగితే అది ఉప్పు, పొడి బ్రష్షుతో దులిపితే చాలు.

ఇక రంగుల సంగతి. ఎదురింటాయన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలకు ఇంకా కొంత కలిపి, సంక్రాంతికే పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాడు. ఉగాది నాటికి గోడంతా బొబ్బలు. వేలితో నొక్కితే తడి ఊరింది. ఆయన ఇప్పటికీ రంగునే తిడుతున్నాడు. నన్నడిగితే మొదటి ఏడాది సున్నమే వేయించాలి. సున్నం కింద గోడ ఊపిరి పీల్చుకుంటుంది, ఆ క్షారానికి బూజు అంత తేలిగ్గా పట్టదు. చొక్కాకు అంటుతుంది, నిజమే. "పెళ్లివారు వస్తే ఏమనుకుంటారు" అని మా ఇంట్లోనూ అన్నారు. బూజు వాసన చూసి ఏమనుకుంటారో అది కూడా ఆలోచించమన్నాను.

పెయింటరు చెమ్మను ఆపే ప్రైమరు ఉందంటాడు. గోడలో తడిని లోపలే బంధిస్తే అది పక్క గదిలో తేలుతుంది. అడుగు చదరం పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, మర్నాడు అతనిచేతే విప్పించండి. లోపలి వైపు చెమ్మ కనబడినంత కాలం అడ్వాన్సు ఇవ్వకండి.